పర్యాటకం, ఆర్థికాభివృద్ధి శాఖలను కలిపితే విశాఖలో ఏం మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శాఖల పునర్వ్యవస్థీకరణ అన్న మాట పేపర్లో కనపడితే చాలు, విశాఖలో ఫోన్లు మొదలవుతాయి. హోటల్ నడిపేవాళ్లు, ట్రావెల్స్ కార్లు తిప్పుకునేవాళ్లు, అరకు దారిలో గదులు అద్దెకిచ్చేవాళ్లు, ప్రభుత్వ హరిత హోటళ్లలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్లు అందరూ ముందు తమకే ఏదో అయిపోతుందని కంగారు పడతారు. ఆ కంగారులో సగం అనవసరం, సగం అవసరమే. ఈ పేజీ ఏ జీవోకూ వివరణ కాదు. పర్యాటకాన్నీ, పెట్టుబడులు చూసే సంస్థలనూ ఒకచోటికి తేవాలంటే ఏమేం చేయాలి, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది, విశాఖలో ఎవరి మీద ఎంత ప్రభావం పడుతుంది అని అడిగేవాళ్ల కోసం రాసింది.

పునర్వ్యవస్థీకరణ అంటే నిజంగా ఏం మారుతుంది?

మూడు వేర్వేరు పనులను ఆ ఒక్క మాటతోనే చెప్పేస్తుంటారు. మంత్రులకు శాఖలు మార్చడం ఒకటి. సచివాలయంలో శాఖను కలపడమో విడగొట్టడమో రెండోది. కార్పొరేషన్లు, అథారిటీలు, బోర్డుల విలీనం మూడోది. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. రెండోదానికి కొన్ని వారాలు చాలు. మూడోది ఏళ్లు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పేపర్లో హెడ్డింగు మాత్రం మూడింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి, వచ్చిన వార్త ఏ రకానిదో ముందు తేల్చుకోండి.

2024 జూన్‌లో జరిగింది మొదటి రకం. అంతకుముందు పర్యాటకం, సంస్కృతి, యువజన వ్యవహారాలు ఒకే మంత్రి చేతిలో ఉండేవి. కొత్త ప్రభుత్వంలో పర్యాటకం, సంస్కృతి, సినిమాటోగ్రఫీ కందుల దుర్గేష్‌కు వచ్చాయి. యువజన, క్రీడల శాఖలు రవాణాతో పాటు మండిపల్లి రాంప్రసాద్ రెడ్డికి వెళ్లాయి. ఆ మార్పుతో బీచ్‌లో టికెట్ కొట్టే కుర్రాడి డ్యూటీ చార్టు ఏమీ మారలేదు.

ఇప్పుడు పర్యాటకాన్ని చూస్తున్నది ఎవరు?

పైన మంత్రి, సచివాలయంలో శాఖ కార్యదర్శి. కింద రెండు ముఖ్యమైన సంస్థలున్నాయి. ఆంధ్రప్రదేశ్ టూరిజం అథారిటీ విధానం, ప్రచారం, ప్రోత్సాహకాలు చూస్తుంది. ఏపీటీడీసీ, అంటే పర్యాటకాభివృద్ధి సంస్థ, వ్యాపారం చేస్తుంది. హరిత హోటళ్లు, బోట్లు, టూర్ ప్యాకేజీలు, బొర్రా గుహల టికెట్లు దానివి. ఇక జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలోని పర్యాటక మండలి, దాని పనులు చూసే జిల్లా పర్యాటక అధికారి.

కాగితం మీద అథారిటీ, కార్పొరేషన్ వేర్వేరు. ఒకటి నియమాలు పెట్టాలి, రెండోది వాటి ప్రకారం హోటళ్లు నడపాలి. ఆచరణలో అథారిటీ సీఈవో, కార్పొరేషన్ ఎండీ కుర్చీలు రెండింటిలోనూ ఒకే ఐఏఎస్ అధికారి కూర్చున్న సందర్భాలున్నాయి. దానివల్ల ఫైలు తొందరగా కదులుతుంది, నిజమే. కానీ హరిత హోటల్‌కు పోటీగా పక్కనే హోటల్ పెట్టిన ప్రైవేటు వ్యక్తి ప్రోత్సాహకం కోసం దరఖాస్తు పట్టుకుని వెళ్లేది ఆ హోటల్ యజమాని దగ్గరికే. పునర్వ్యవస్థీకరణ చేయదలిస్తే ముందు సరిచేయాల్సింది ఇక్కడ అని నా అభిప్రాయం.

'ఆర్థికాభివృద్ధి' వైపు ఎవరున్నారు?

ఆర్థికాభివృద్ధి మండలి ఉంది, దానికి 2018లో ప్రత్యేక చట్టమే చేశారు. పెట్టుబడిదారులను వెతికి పట్టుకొచ్చి, సంప్రదింపులు జరపడం దాని పని. 1973 నుంచి ఉన్న ఏపీఐఐసీ, అంటే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, భూమి ఇస్తుంది. పరిశ్రమల శాఖ రాయితీలు లెక్కగడుతుంది, జిల్లాలో పరిశ్రమల కేంద్రం జీఎం ఉంటారు. పెద్ద ప్రాజెక్టులన్నీ ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి ముందుకు వెళ్తాయి. పెద్ద హోటళ్లు, రిసార్టుల ప్రతిపాదనలు కూడా ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాయి. అంటే పై స్థాయిలో రెండు శాఖలూ ఇప్పటికే సగం కలిసిపోయినట్టే. కలవనిది కింద.

'కింద కలవలేదు' అంటే ఏమిటి? బీచ్ రోడ్డు మొత్తం టూరిజం వాళ్లదే కదా?

కాదు. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అంతా ఒకే పర్యాటక ప్రాంతం. కారెక్కి ఆ రోడ్డు మీద వెళ్తూ ఏది ఎవరిదో చూసుకుంటూ పోతే సంగతి అర్థమవుతుంది.

ఆర్కే బీచ్‌లో చెత్త ఎత్తేది, దీపాలు పెట్టేది, బళ్లకు చోటు చూపేది జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ. విశాఖ మ్యూజియం కూడా దానిదే. నాలుగడుగులు వేస్తే కురుసుర జలాంతర్గామి. నేవీ ఇచ్చినా ఇప్పుడు నడిపేది వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం, ముందున్న పెద్ద పార్కు, తెన్నేటి పార్కు, కైలాసగిరి, అక్కడి రోప్‌వే అన్నీ వీఎంఆర్‌డీఏ ఖాతాలోనివే. వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయినా మనవాళ్లు ఇప్పటికీ వుడా పార్కు అనే అంటారు. జూ, కంబాలకొండ అటవీ శాఖవి. రుషికొండ దగ్గరికి వచ్చాక గానీ పర్యాటక శాఖ చేతికి ఒక బీచ్ చిక్కదు. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖవి. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఎర్రమట్టి దిబ్బల విషయంలో రెవెన్యూ, అటవీ, పర్యాటక శాఖలతో పాటు కేంద్రం కింద ఉన్న భూగర్భ సర్వే సంస్థ మాట కూడా ఉంటుంది. అటు హార్బర్ వైపు చూస్తే 2023లో తెరిచిన క్రూయిజ్ టెర్మినల్ పోర్టుది. సింహాచలం దేవాదాయ శాఖది.

వీటిలో టూరిజం శాఖ సంతకంతో కదిలేది ఎంత? రాష్ట్ర సచివాలయంలో పర్యాటకాన్నీ, ఆర్థికాభివృద్ధినీ కలిపి ఎంత పెద్ద శాఖ చేసినా కైలాసగిరి పురపాలక శాఖ కింద ఉన్న వీఎంఆర్‌డీఏ దగ్గరే ఉంటుంది, ఎవరైనా ప్రత్యేకంగా మార్చితే తప్ప. అందుకే అమరావతిలో శాఖల పటంలో ఎన్ని గడులు గీసినా చూడాల్సింది ఒక్కటే: ఫలానా స్థలం, ఫలానా గేటు, ఫలానా టికెట్ ఎవరి చేతికి వెళ్లాయి అని.

ఇన్ని చేతులుంటే నష్టమేమిటి? పనులు జరుగుతూనే ఉన్నాయిగా?

జరిగేవి జరుగుతున్నాయి. జరగనివి కనపడవు. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకు బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. దాన్ని రెస్టారెంటుగా మార్చాలని పర్యాటక శాఖ ముందుకొచ్చింది. ఆలోచన బాగుంది. కానీ ఓడ అన్నాక యజమాని, బీమా, సముద్ర వాణిజ్య అధికారులు, కస్టమ్స్ ఉంటారు. ఒడ్డు అన్నాక తీర నియంత్రణ మండలి నిబంధనలుంటాయి. పక్కనున్న పార్కు ఇంకొకరిది. ఏళ్ల తరబడి ఆ ఓడ ఉప్పుగాలికి తుప్పు పట్టింది తప్ప ఒక్క కాఫీ కప్పు కూడా ఎవరికీ అందివ్వలేదు.

మంత్రివర్గం అనుకుంటే రేపే రెండు శాఖలూ కలిపేయొచ్చా?

సచివాలయ శాఖలైతే కలిపేయొచ్చు. రాజ్యాంగం 166వ అధికరణం కింద గవర్నరు పేరుతో జారీ అయ్యే పాలనా నియమావళిలో ఏ అంశం ఏ శాఖదో రాసి ఉంటుంది. ఆ పట్టిక మార్చడానికి శాసనసభకు వెళ్లక్కర్లేదు.

చట్టంతో పుట్టిన సంస్థల దగ్గర అలా కుదరదు. ఆర్థికాభివృద్ధి మండలిని ఇంకో సంస్థలో కలపాలంటే దాని చట్టాన్ని సవరించాలి, లేదా రద్దు చేసి కొత్తది తేవాలి. ఏపీటీడీసీ, ఏపీఐఐసీ లాంటివి కంపెనీలు. వాటిని విలీనం చేయాలంటే 2013 కంపెనీల చట్టం దారిలో నడవాలి. బోర్డు తీర్మానాలు, అప్పులిచ్చిన బ్యాంకుల సమ్మతి, ఆస్తుల మదింపు అన్నీ ఉంటాయి. ప్రభుత్వ కంపెనీ కదా, జీవో ఒకటి ఇస్తే సరిపోతుంది అనుకోవడం పొరపాటు.

కలిపిన దాన్ని విడగొట్టడం ఎంత కష్టమో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోని 91 సంస్థల్లో పర్యాటకాభివృద్ధి సంస్థ కూడా ఉంది. పదేళ్లు దాటినా ఆ షెడ్యూలు సంస్థల ఆస్తుల పంపకం పూర్తిగా తెగలేదు. ఏ భవనం ఎవరిది, ఏ అప్పు ఎవరిది, ఏ ఉద్యోగి ఎటు అన్న తగువులు కమిటీల చుట్టూ తిరిగాయి. అందుకే విలీనం అన్న మాట వినగానే ఆస్తుల జాబితా ఎక్కడ అని అడగడం చాదస్తం కాదు.

ఇతర చోట్ల ఇలా కలిపి నడుపుతున్నారా?

అమెరికాలోని హవాయిలో వాణిజ్యం, ఆర్థికాభివృద్ధి, పర్యాటకం ఒకే శాఖ. అయితే 1998లో పర్యాటకానికి విడిగా అథారిటీ పెట్టి దాన్ని ఆ శాఖకు అనుబంధం చేశారు. ద్వీపాలకు ప్రధాన జీవనాధారమే పర్యాటకం కాబట్టి ఆ అమరికకు అక్కడ అర్థముంది. విశాఖ అలాంటిది కాదు. ఇక్కడ ఉక్కు, పోర్టు, రిఫైనరీ, ఫార్మా, నేవీ ఉన్నాయి.

మనకు దగ్గర పోలిక కేరళ. పర్యాటకానికి పరిశ్రమ హోదా 1986లోనే ఇచ్చింది. శాఖను పరిశ్రమల్లో కలపలేదు, విడిగానే ఉంచింది. బలమంతా జిల్లా పర్యాటక ప్రోత్సాహక మండళ్లకు ఇచ్చింది. బీచ్‌లో మరుగుదొడ్డి తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిసిన ఆఫీసు అక్కడ జిల్లాలోనే ఉంటుంది.

కలిస్తే మాలాంటి హోటల్ వాళ్లకు లాభం ఉందా?

కొంత ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన 2024–29 పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడి స్థాయిని బట్టి చిన్న ప్రాజెక్టుల నుంచి అల్ట్రా మెగా దాకా తరగతులు చేసి రాయితీలు ప్రకటించింది. ఇలాంటి రాయితీలు లెక్కగట్టి, మంజూరు చేసి, సొమ్ము విడుదల చేయించడం పరిశ్రమల శాఖకు ఎప్పటి నుంచో అలవాటైన పని. పర్యాటక శాఖకు అంత అలవాటు లేదు. ఒకే డెస్కు దగ్గర పని అయితే విశాఖ నుంచి అమరావతికి తిరిగే ఖర్చు తగ్గుతుంది.

అయితే హోదా వచ్చింది కాబట్టి కరెంటు బిల్లు తనంతట తగ్గిపోతుందని ఆశ పెట్టుకోకండి. టారిఫ్ తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. పర్యాటక శాఖ జీవో తీసుకెళ్లి సీతమ్మధారలో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కౌంటర్ దగ్గర పెడితే అక్కడి ఉద్యోగి టారిఫ్ ఆర్డరులో ఏ కేటగిరీ ఉందో చూస్తాడు తప్ప మీ జీవో చూడడు. ఆస్తి పన్ను జీవీఎంసీది. ట్రేడ్ లైసెన్సు జీవీఎంసీది. ఫుడ్ లైసెన్సు ఆహార భద్రత విభాగానిది, ఫైర్ ఎన్‌వోసీ అగ్నిమాపక శాఖది, బార్ ఉంటే ఎక్సైజు. స్టార్ రేటింగ్ ఇచ్చేది కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ. శాఖలు రెండూ కలిసిన మర్నాడు కూడా మీ ఫైలులో ఈ కాగితాలన్నీ ఇలాగే ఉంటాయి.

నష్టపోయేది ఎవరు?

చిన్నవాళ్లు. పెట్టుబడులు చూసే శాఖ బుర్ర ఎప్పుడూ కోట్లలో ఆలోచిస్తుంది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. ఆ మరుసటి నెలలో ఇక్కడే భాగస్వామ్య సదస్సు. అలాంటి రోజుల్లో అదే కార్యదర్శి టేబుల్ మీద అనంతగిరిలో నాలుగు గదుల హోంస్టే రిజిస్ట్రేషన్ ఫైలూ, రుషికొండ కయాకింగ్ కుర్రాళ్ల అనుమతి ఫైలూ ఉంటే ఏది ముందు కదులుతుందో చెప్పక్కర్లేదు. ఇందులో అధికారుల తప్పు లేదు. వాళ్లను అడిగేది ఎన్ని వేల కోట్లు తెచ్చారనే గానీ ఎన్ని హోంస్టేలకు బోర్డు పెట్టించారని ఎవరూ అడగరు. కలపాల్సే వస్తే చిన్న పర్యాటక యూనిట్లకు విడిగా ఒక విభాగం, దానికి విడిగా బడ్జెట్ పద్దు ఉండాలి. జిల్లా స్థాయిలోనే తేల్చేసే అధికారమూ ఇవ్వాలి. ఈ మూడూ లేకుండా కలపడం కంటే కలపకపోవడమే మేలు.

అరకు, బొర్రా మాటేమిటి? అవి విశాఖవే కదా?

టూర్ ప్యాకేజీలో విశాఖవే, పాలనలో కావు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అరకు, బొర్రా, లంబసింగి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాకు పోయింది. పర్యాటకుడు విశాఖ రైల్వేస్టేషన్‌లో దిగుతాడు, డబ్బు విశాఖ హోటల్‌కు కడతాడు, మధ్యాహ్నానికి వేరే కలెక్టరు పరిధిలో ఉంటాడు.

బొర్రా దగ్గర ఓ డిసెంబరు ఆదివారం నిలబడి చూడండి. కార్లు వంపు తిరిగి దిగలేక హారన్లు కొడుతుంటాయి. ఆ రోడ్డు ఒకరిది, పార్కింగ్ వసూలు ఇంకొకరిది. గేటు బయట బొంగు చికెన్ కాలుస్తున్న పొగ, జొన్నపొత్తులు, తేనె సీసాలు, అడ్డాకు విస్తర్లు. అవి అమ్మేది చుట్టుపక్కల గిరిజనులు. గేటు దాటితే ఏపీటీడీసీ. మెట్లు దిగుతుంటే గుహ పైనుంచి కొత్తవలస–కిరండూల్ లైనులో రైలు పోతుంది, అది రైల్వేది. 2017 నుంచి ఆ లైనులో నడుస్తున్న అద్దాల బోగీ కూడా రైల్వేదే. లోపల లింగాకారంలో పేరుకున్న సున్నపురాయి దగ్గర శివరాత్రికి పూజలు జరుగుతాయి, ఆ రోజు నిర్వహణ వేరే లెక్క. టికెట్ల సొమ్ములో మా వాటా ఏదని స్థానిక గిరిజనులు అడగడం కొత్తేమీ కాదు. అది న్యాయమైన ప్రశ్న కూడా.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది, పెట్టుబడుల భాషలో మాట్లాడేవాళ్లు దీన్ని తరచూ మరిచిపోతారు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది ఎక్కడో కాదు, ఈ అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ల మైనింగ్ లీజుల కేసులోనే. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తి'యేననీ, తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదనీ కోర్టు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం కింద గ్రామసభ మాట వేరే ఉంది. కాబట్టి విశాఖ బీచ్ పక్కన రిసార్టుకు భూమి ఇచ్చిన పద్ధతిలోనే అరకులోనూ ఇచ్చేస్తాం అనే శాఖ ఎంత పెద్దదైనా మొదటి రిట్ పిటిషన్ దగ్గరే ఆగిపోతుంది. పర్యాటకం, పరిశ్రమల కొత్త శాఖ ఏర్పడితే అందులో పాడేరు ఐటీడీఏకు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థకు, కుర్చీ ఉందా లేదా అన్నది నేను ముందు చూస్తాను.

టికెట్ డబ్బు ఎక్కడికి పోతుంది? ఏ ఊళ్లో వచ్చింది ఆ ఊళ్లోనే ఖర్చు పెట్టరా?

ఎవరు టికెట్ కొడితే వాళ్ల ఖాతాలోకి పోతుంది. కార్పొరేషన్‌ది కార్పొరేషన్‌కు, వీఎంఆర్‌డీఏది వీఎంఆర్‌డీఏకు. స్థానికంగా ఇంత శాతం ఖర్చు పెట్టాలన్న నియమం శాఖ ఉత్తర్వులో రాస్తే తప్ప లాభంలో ఉన్న చోటు నష్టంలో ఉన్న చోటును మోస్తుంది.

రుషికొండ దీనికి మంచి పాఠం. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అది శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ గుర్తింపు నిలబడాలంటే మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు, నీటి పరీక్షలు, సీసీ కెమెరాలు ఏడాది పొడవునా నడవాలి. అంటే నెలనెలా డబ్బు కావాలి. 2023 జూలైలో రూ.20 ప్రవేశ రుసుము పెట్టబోయారు. సముద్రం చూడటానికి టికెట్టేమిటని జనం మండిపడ్డారు, నిర్ణయం వెనక్కి పోయింది. జనం అన్నదీ న్యాయమే. కానీ రుసుము వద్దన్నప్పుడు ఆ ఖర్చు ఏ పద్దు నుంచి అన్నది తేలలేదు. 2025లో నిర్వహణ లోపాలతో బ్లూ ఫ్లాగ్ కొంతకాలం పోయింది, హడావుడిగా సరిచేశాక మళ్లీ వచ్చింది. అక్కడ కరవైంది కొత్త శాఖ కాదు, నిర్వహణకు ఒక ఖాతా, దానికి ఒక బాధ్యుడు.

ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

ఆర్కే బీచ్‌లో లైఫ్‌గార్డులు జీవీఎంసీ మనుషులు. గాలించేది మెరైన్ పోలీసులు, కోస్ట్‌గార్డ్, అవసరమైతే నేవీ. కేసు రాసేది స్థానిక పోలీస్‌స్టేషన్. బోటయితే లైసెన్సు ఒకచోట, ఫిట్‌నెస్ ఒకచోట, నది అయితే జలవనరుల శాఖ అనుమతి ఇంకోచోట. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల సంఖ్యలో పర్యాటకులు చనిపోయాక అందరికీ తట్టిన మొదటి ప్రశ్న, ఆ రోజు బోటును ఆపాల్సింది ఎవరు అని. తర్వాత బోటింగ్ పాయింట్ల దగ్గర అన్ని శాఖల వాళ్లూ ఒకచోట కూర్చునేలా కంట్రోల్ రూములు పెట్టారు. శాఖలను కలపకుండానే చేసిన పని అది. ఆపే అధికారాన్ని రేవు దగ్గరికి తెచ్చారు.

నేను హరితలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. నా ఉద్యోగం ఏమవుతుంది?

రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగికి రాజ్యాంగం 371-డి అధికరణం, దాని కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, సర్వీసు రూల్స్ రక్షణ ఉంటాయి. శాఖ పేరు మారినా సీనియారిటీ, జీతం స్కేలు పోవు. డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు మాతృశాఖకు వెళ్లిపోతారు. కార్పొరేషన్ సొంత ఉద్యోగులకు ఆ సంస్థ సర్వీసు నిబంధనలే దిక్కు, విలీన పథకంలో వాళ్ల గురించి ఏం రాశారన్నది కీలకం.

మీ పరిస్థితి వీటన్నిటికంటే పలచన. మీ ఒప్పందం ఏజెన్సీతోనో, ఔట్‌సోర్సింగ్ కోసం ప్రభుత్వం పెట్టిన ఆప్కాస్ సంస్థతోనో ఉంటుంది గానీ హోటల్‌తో ఉండదు. హరిత హోటళ్లను ప్రైవేటు నిర్వహణకు ఇవ్వాలన్న చర్చ నడుస్తున్న కాలం కాబట్టి మీరు కనిపెట్టి ఉండాల్సింది శాఖల విలీనం కాదు, మీ యూనిట్ టెండర్ షరతులు. పాత సిబ్బందిని కొనసాగించాలన్న షరతు అందులో ఉందా, ఉంటే ఎన్నాళ్లు? టెండర్ ఖరారయ్యాక అడిగితే లాభం లేదు. ప్రీ-బిడ్ సమావేశానికి ముందే యూనియన్ తరఫున రాతపూర్వకంగా ఇవ్వండి. పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు, నియామకపు ఉత్తర్వు, ఐదారు నెలల జీతం బ్యాంకు స్టేట్‌మెంట్ ఇంట్లో ఒక కవర్లో పెట్టుకోండి. ఏజెన్సీ మారినప్పుడల్లా మొదట మాయమయ్యేవి మీ పాత రికార్డులే.

బీచ్‌లో నాకు స్టాల్ లీజు ఉంది. శాఖ మారితే రద్దవుతుందా?

గడువు ఉన్నంతకాలం రద్దు కాదు. పాత సంస్థ హక్కులు, బాధ్యతలు కొత్త సంస్థకు సంక్రమిస్తాయన్న క్లాజు విలీన ఉత్తర్వులో ఉంటుంది, అది చదవండి. చిక్కు రెన్యూవల్ దగ్గర వస్తుంది. పాత ఆఫీసు మాది కాదంటుంది, కొత్త ఆఫీసు మాకింకా ఫైలు రాలేదంటుంది. గడువుకు మూడు నాలుగు నెలల ముందే దరఖాస్తు ఇచ్చి, రెండు ఆఫీసుల్లోనూ రసీదు ముద్ర వేయించుకోండి. అద్దె తీసుకోబోమని వాళ్లు మొండికేస్తే డీడీ తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటిమాట మీద కూర్చున్న జాలరిపేట ఆడవాళ్లకు, తోపుడుబళ్ల వాళ్లకు లీజే ఉండదు. వాళ్లకు వీధి వ్యాపారుల చట్టం 2014 కింద జీవీఎంసీ ఇచ్చే గుర్తింపు కార్డే ఆధారం.

గుళ్లు కూడా ఈ శాఖలోకి వస్తాయా?

రావు. సింహాచలం లాంటివి 1987 దేవాదాయ చట్టం కింద ఉన్నాయి. ఆధ్యాత్మిక పర్యాటకం పేరుతో రోడ్లు, గదులు కట్టొచ్చు, హుండీ ముట్టుకోలేరు.

ప్రధాన కార్యాలయం విశాఖకు తెస్తారా?

తెస్తే సంతోషమే. కానీ దానికంటే ముందు ఇక్కడున్న ప్రాంతీయ కార్యాలయానికి సంతకం చేసే అధికారం ఎంత మొత్తం దాకా ఉందో అడగండి. ఒక మోటారు బోటు ఇంజను మరమ్మతుకు కూడా ఫైలు విజయవాడ వెళ్లాల్సి వస్తే బోర్డు ఎక్కడ పెట్టినా ఒకటే.

నిజంగా మార్పు జరిగిందో లేదో మాకెలా తెలుస్తుంది?

జీవో చూడాలి. 2021 ఆగస్టులో ఆన్‌లైన్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలైంది. జీవో నంబరు పక్కన ఎంఎస్ అని ఉంటే విధానపరమైనది, ఆర్‌టీ అంటే బదిలీలు, బిల్లుల లాంటి మామూలు వ్యవహారం. విలీనం గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న కాగితం ఆర్‌టీ అయితే అంతగా పట్టించుకోనక్కర్లేదు. చట్ట సవరణ అయితే గెజిట్‌లో వస్తుంది.

అప్పటికీ తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రూ.10 రుసుము, 30 రోజుల గడువు. తప్పు ఆఫీసుకు వేసినా 6(3) సెక్షన్ కింద వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాలి, శాఖలు మారే కాలంలో ఇది బాగా అక్కరకొస్తుంది. 'పునర్వ్యవస్థీకరణ గురించి సమాచారం ఇవ్వండి' అని రాస్తే జీవో జిరాక్సు ఇచ్చి పంపేస్తారు. ఫలానా స్థలం సర్వే నంబరు ఏ సంస్థ పేరున ఉంది, అక్కడి టికెట్ వసూళ్లు గత ఆర్థిక సంవత్సరంలో ఎంత, అందులో అదే స్థలం నిర్వహణకు ఖర్చెంత, ఆ ఖర్చు మంజూరు చేసే అధికారి హోదా ఏమిటి అని విడివిడిగా అడగండి. గడువు దాటితే అదే ఆఫీసులో పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు. సమాచారం కాకుండా పనే కావాలనుకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్)లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అరకు వైపు పనయితే విశాఖ కలెక్టరేట్‌కు కాదు, పాడేరు వెళ్లాలి.